పెన్సిల్ మొక్కుబడి

నిరుడు ఒక డిజైన్ కాలేజీవాళ్ళు జ్యూరీకి రమ్మంటే వెళ్ళాను. చివరి ఏడాది పిల్లలు ఎవరి పని వాళ్ళు గోడకు అతికించుకుని పక్కన నిలబడ్డారు. ఒకమ్మాయి బస్సు నుదుటి మీద వెలిగే ఎల్‌ఈడీ బోర్డు కోసం తెలుగు అక్షరాలు చేసింది. ఎత్తు మొత్తం పదహారు వరుసల చుక్కలు. నడిమి అక్షరం, పైన గుడి, కింద వత్తు అన్నీ ఆ పదహారింటిలోనే సర్దుకోవాలి. శ్రీకాకుళం, భద్రాచలం, ఇబ్రహీంపట్నం అని ఒక్కొక్క ఊరినే వెలిగించి చూపించింది. హాలు చివరిదాకా వెళ్ళి, కళ్ళజోడు తీసేసి చూశాను. మూడూ చదవగలిగాను.

పక్కనే పన్నెండు కాగితాల మీద పెన్సిల్ రఫ్‌లు కూడా ఉన్నాయి. వాటిలో ఏదో తేడా కనిపించింది. కొట్టివేతలున్నాయి గానీ దారి తప్పిన జాడ ఎక్కడా లేదు. మొదటి కాగితం నుంచే పెన్సిల్‌కు చివరి అక్షరం తెలిసిపోయినట్టుంది. మార్కులు వేయడం అయిపోయాక వరండాలో కనిపిస్తే అడిగాను. ఆ పిల్ల తల దించుకుంది. "అవి నిన్న రాత్రి వేశాను సార్. పనంతా సిస్టమ్‌లోనే చేశాను. కాగితం మీద రఫ్‌లు లేకపోతే ఇరవై మార్కులు పోతాయి."

అసలు రఫ్‌లు ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి, నూట నలభై దాకా. వరండా గట్టు మీద కూర్చుని ఒక్కొక్కటీ తెరిచి చూపించింది. 'శ్రీ' ఒక్కదానికే ఇరవై పైన ప్రయత్నాలు. గుడిదీర్ఘానికి నాలుగు వరుసలు, కింద క్రావడికి నాలుగు వరుసలు ఇచ్చేస్తే 'శ'కు మిగిలేది తక్కువ, దాని పొట్ట మూసుకుపోతోంది. క్రావడిని కింద నుంచి తప్పించి ఎడమ పక్కకు ఆనించి నిలబెట్టింది. రెండు వరుసలు కలిసొచ్చాయి. పొట్టలో ఒకే ఒక చుక్క ఆర్పి చూసింది. పగలు బాగానే ఉంది. రాత్రి చుట్టూ ఉన్న చుక్కల వెలుగు ఒలికి ఆ ఆరిన చుక్క కనిపించకుండా పోయింది. రెండు చుక్కలు ఆర్పింది. ఇంతకన్నా నిజాయితీ గల రఫ్ పని ఈ మధ్య నేను చూడలేదు. దాన్ని దాచిపెట్టించి, రాత్రంతా మేలుకోబెట్టి ఆ పిల్ల చేత దొంగ రఫ్‌లు వేయించిన నియమం మీదే నా కోపమంతా.

ఆ నియమం అందరికీ తెలిసిందే. డిజైన్ నేర్పే ఏ చోటికి వెళ్ళినా మొదటి వారంలోనే వినిపిస్తుంది: ముందు కాగితం మీద తేల్చుకో, ఆ తర్వాతే కంప్యూటర్ ముట్టుకో. దీన్ని పాటించనివాణ్ణి డిజైనర్ అనరు, ఆపరేటర్ అంటారు. ఆ మాటలోని చిన్నచూపు నాకు కొత్త కాదు. తొంభైల్లో విజయవాడలో ఒక డీటీపీ సెంటర్‌లో పేజ్‌మేకర్ మీద శుభలేఖలు, కరపత్రాలు, పరీక్ష గైడ్లు కూర్చుతూ ఈ పనిలోకి వచ్చినవాణ్ణి. పెన్సిల్ పట్టడం ఆ తర్వాత నేర్చుకున్నాను, ఇష్టంగానే నేర్చుకున్నాను. ఇవాళ్టికీ నేను చేసే పుస్తకాల కవర్లు బొటనవేలంత పెన్సిల్ బొమ్మలతోనే మొదలవుతాయి. కవర్ ఎలాగూ కాగితమే కాబట్టి ఆ పనికి కాగితం నప్పుతుంది. అన్ని పనులకూ అదే నప్పుతుందని, నప్పకపోయినా నప్పించుకోవాలని అంటేనే ఒప్పుకోలేను.

కాగితం పక్షాన వాదించేవాళ్ళు తప్పకుండా చెప్పే కథ మిల్టన్ గ్లేజర్‌ది. 1976లో న్యూయార్క్‌లో టాక్సీలో పోతూ ఒక కాగితం ముక్క మీద ఎర్ర క్రేయాన్‌తో 'ఐ', ఒక గుండె, 'ఎన్‌వై' గీశాడు. ఆ ముక్క ఇప్పుడు న్యూయార్క్‌లోని మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. చూశారా, గొప్ప ఆలోచన కాగితం మీదే పుడుతుంది అంటారు. కథలో ముందు సగాన్ని వదిలేస్తారు. అప్పటికే గ్లేజర్ అదే పనికి వేరే డిజైన్ చేసి ఇచ్చాడు, పని అప్పగించినవాళ్ళు ఒప్పుకున్నారు కూడా. పని ముగిసిందనుకున్నాక, అది ఇంకా బుర్రలో తిరుగుతుండగా టాక్సీలో రెండోది తట్టింది. అంటే ఆ ముక్క మొదటి మెట్టు కాదు, పూర్తయిన పని తర్వాత వచ్చిన మెట్టు. జేబులో అప్పుడు క్రేయాన్ ఉంది, క్రేయాన్‌తో గీశాడు. దాంట్లోంచి నియమం ఎలా పుడుతుంది?

రెండో సాక్షి సూసన్ కేర్. 1984లో వచ్చిన మెకింటాష్‌కు చెత్తబుట్ట, కాగితం మడత వంటి చిన్న బొమ్మలు చేసిన ఆమె. కంప్యూటర్ బొమ్మలే కాగితం మీద పుట్టాయని ఆమె బొమ్మలు గీసుకున్న పుస్తకాన్ని చూపిస్తారు. నిజమే, పుట్టాయి. అది ఎలాంటి కాగితమో కూడా చెప్పాలి. గళ్ళ కాగితం. ఒక బొమ్మకు అటు 32, ఇటు 32 గళ్ళు, మొత్తం 1024. ఒక గడి నింపితే తెర మీద ఒక చుక్క వెలుగుతుంది. అప్పటికి ఆమె చేతిలో బొమ్మలు చేసే ప్రోగ్రాం లేదు, అందుకని గళ్ళ పుస్తకం కొనుక్కుంది. తర్వాత సహోద్యోగి ఆండీ హెర్ట్స్‌ఫెల్డ్ ఒక ఐకాన్ ఎడిటర్ రాసిచ్చాక తెర మీదే చేసింది. ఆ పుస్తకంలో ఆమె స్వేచ్ఛగా గీతలు గీస్తూ కూర్చోలేదు. తెర ఎలా ఉంటుందో కాగితాన్ని అలా మార్చుకుని, తెర పెట్టే షరతులకు లోబడి పనిచేసింది.

ఈ మర్మం మన నేతగాళ్ళకు ఎప్పటి నుంచో తెలుసు. పోచంపల్లిలో ఇక్కత్ చీరకు డిజైన్ గళ్ళ కాగితం మీదే వేస్తారు, ఎందుకంటే బట్ట కూడా పడుగూ పేకల గళ్ళే. ఏ పోగు ఎక్కడ ముడి వేసి అద్దకం అంటకుండా కాపాడాలో ఆ గడి చెబుతుంది. అదే శ్రీకాళహస్తికి వెళ్ళి చూడండి. కలంకారీ చిత్రకారులు కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద చింతపుల్ల బొగ్గుతో తిన్నగా గీసేస్తారు. ముందు కాగితం మీద వేసుకుని రమ్మని వాళ్ళను ఎవరూ అడగలేదు. గీత ఆ బట్టలో ఎలా పాకుతుందో ఆ బట్టకే తెలుసు. ఒకచోట కాగితం తప్పనిసరి, ఇంకోచోట దాని అవసరమే లేదు. రెండు చోట్లా తేల్చింది చేయబోయే వస్తువే. మన డిజైన్ క్లాసులో మాత్రం వస్తువు ఏదైనా సరే మొక్కు ఒక్కటే.

డొనాల్డ్ షోన్ 1983లో రాసిన 'ద రిఫ్లెక్టివ్ ప్రాక్టీషనర్' పుస్తకాన్ని కూడా కాగితం పక్షం వాళ్ళు తమదే అనుకుంటారు. అందులో ఒక ఆర్కిటెక్చర్ మాస్టారు విద్యార్థిని పక్కన కూర్చుని గీస్తూ, మాట్లాడుతూ, గీసిన దాన్నుంచి మళ్ళీ నేర్చుకుంటాడు. డిజైన్ అంటే చేతిలో ఉన్న పరిస్థితితో సంభాషణ అని, మనం ఒకటి చేస్తే అది తిరిగి బదులు చెబుతుందని షోన్ అంటాడు. నేనూ ఒప్పుకుంటాను. నా ప్రశ్నల్లా ఒకటే. తెలుగు అక్షరం తెర మీద పెడితే ఏమవుతుందని అడిగినప్పుడు బదులు చెప్పేది ఎవరు? కాగితం చెప్పదు. దానికి తెలియదు.

ఇది నా సొంత అనుభవంలో జరిగింది. ఆస్పత్రిలో చేరే రోగుల కోసం ఒక యాప్. పద్ధతి ప్రకారం అందరం కాగితాలు ముందేసుకున్నాం. డబ్బాలు గీశాం, మాటలు రావాల్సిన చోట వంకర గీతలు పెట్టాం. ప్రతివాళ్ళూ చేసేదే, మాట బదులు ఒక మెలిక గీత. గోడ నిండా స్క్రీన్లు అతికించాం. అందంగా ఉన్నాయి, అందరూ మెచ్చుకున్నారు. వాటిని చూసే యాప్‌ను ముందు ఇంగ్లీషులో కట్టారు. తెలుగు పెట్టే రోజు వచ్చింది. 'శస్త్రచికిత్స' కింది వత్తులు డబ్బా అంచు దగ్గర తెగిపోయాయి. 'స్త్రీ' అన్న చోట 'సీ' లాంటిదేదో మిగిలింది. 'సబ్‌మిట్' కోసం వేసిన బటన్‌లో 'సమర్పించండి' పట్టలేదు. ఇంగ్లీషు వరుసల మధ్య ఎడమే ఉంచేయడంతో పై వరుస వత్తులు, కింది వరుస గుళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. పల్లెటూరి నుంచి వచ్చిన మనిషి తన రోగం పేరు తెగిపోయిన అక్షరాల్లో చదువుకోవాలి. రెండు నెలల పని మళ్ళీ చేశాం. మొదటి రోజే, మొదటి గంటలోనే, తెర మీద 'శస్త్రచికిత్స' అని టైప్ చేసి ఉంటే ఆ సంగతి బయటపడేది.

అక్కడ ఎవరూ సోమరులు కారు. తప్పు ఆ మెలిక గీతది. అన్ని భాషలూ అందులో ఒకేలా ఉంటాయి. రోమన్ లిపికి అది పెద్దగా అపకారం చేయదు, దాని అక్షరాలు చాలావరకు ఒకే ఎత్తులో ఒద్దికగా నడుస్తాయి. మనవి అలా నడవవు. పైన గుడి, ఎత్వం, ఏత్వం, కింద వత్తు, వత్తు కింద ఇంకో వత్తు. కుడిపక్క కొమ్ములు, 'య' వత్తు తోక. 36 హల్లులకు గుణింతాలు వేసుకుంటేనే రూపాలు ఐదు వందలు దాటుతాయి, వత్తుల జోలికి ఇంకా పోనే లేదు. కాగితం మీద మనం కోరుకున్న మాటే రాస్తాం. అక్షరాలు గీసే పిల్లలను చూడండి, నూటికి తొంభై మంది 'కమలం' అనో 'తెలుగు' అనో మొదలుపెడతారు. ముద్దుగా వస్తాయి. 'రాష్ట్రీయ', 'లక్ష్మి', 'ఉత్ప్రేక్ష' ఎవరూ రాయరు. మెషీన్ మీద ఏ పాత పత్రిక వార్తో తెచ్చి అతికించి చూడండి. మనం కోరుకోని మాటలన్నీ వరస కట్టి వస్తాయి, డిజైన్ బలహీనత పది నిమిషాల్లో కనిపిస్తుంది.

తెలుగు ఫాంట్ చేసేవాళ్ళకు ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. కాగితం మీద ముచ్చటగా రాసిన అక్షరాన్ని స్కాన్ చేసి, ప్రోగ్రాం చేత దాని అంచు వెంట గీత గీయిస్తే డజన్ల కొద్దీ బిందువులు పడతాయి. 'ర' వంటి గుండ్రటి అక్షరానికి నిజంగా కావాల్సినవి పైన, కింద, పక్కల నాలుగైదు చోట్ల బిందువులు, వాటి నుంచి వంపును మలిచే పిడులు. అలా బిందువులతో వంపు కట్టే లెక్క పుట్టిన చోటు కార్ల కంపెనీలు. సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో 1959లో, తర్వాత రెనోలో పియెర్ బెజియే దాన్ని విడివిడిగా కనిపెట్టారు. చేత్తో గీసిన వంపు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి వెళ్ళేసరికి మారిపోతుండేది. ఎవరి చేతికి అందినా మారని వంపు కావాలని ఆ లెక్క కట్టారు. ఇవాళ ప్రతి తెలుగు ఫాంటూ ఆ వంపులతోనే నిలబడింది. అలాంటప్పుడు ఆ వంపుతోనే ఆలోచించడం నేర్చుకోవడం తక్కువ పని ఎలా అవుతుంది?

తలకట్టు సంగతే తీసుకోండి. క నుంచి హ దాకా చాలా హల్లులకు అది ఉంది. కాగితం మీద దాన్ని రెండు మిల్లీమీటర్లు సాగదీసి చూడాలంటే అన్ని అక్షరాలూ మళ్ళీ గీయాలి. ఎవరు గీస్తారు? గీయరు, మొదటి తలకట్టుతోనే సరిపెట్టుకుంటారు. కంప్యూటర్‌లో దాన్ని విడి భాగంగా ఒకచోట ఉంచి అక్కడ మారిస్తే అన్నిటి నెత్తినా మారుతుంది. 1963లో ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ 'స్కెచ్‌ప్యాడ్' అనే ప్రోగ్రాం చేసినప్పుడే ఈ గుణం అందులో ఉంది. తెర మీద కాంతి కలంతో గీసిన మూలబొమ్మను మారిస్తే దాని నకళ్ళన్నీ మారేవి. కాగితానికి లేని శక్తి అది. ఒక గంటలో నలభై తలకట్లు పరీక్షించే వీలున్నప్పుడు రెండు పరీక్షించి ఆగిపోవడాన్ని క్రమశిక్షణ అనకూడదు.

బాపు గారి మాట ఎత్తకుండా తెలుగునాట ఈ చర్చ ముగియదు. ఆ చేతిరాత ముందు నేను చేతులు జోడిస్తాను. ఆయన పని కాగితం, కుంచె. ఆ రెంటి మీద ఆయనకున్న అధికారం ఇంకెవరికీ లేదు. ఆ రాతను పట్టుకుని తయారుచేసిన ఫాంట్లతో ఎన్నో శుభలేఖలు అచ్చయ్యాయి. దగ్గరగా చూడండి. బాపు రాసినప్పుడు ఒకే మాటలో రెండు 'ల'లు వస్తే పక్క అక్షరాన్ని బట్టి ఒకటి సాగుతుంది, ఒకటి ముడుచుకుంటుంది. ఫాంటులో రెండూ ఒకే అచ్చు గుద్దినట్టు ఉంటాయి, ఆ రాతలోని ప్రాణం అక్కడ పోతుంది. పక్కన ఏ అక్షరముంటే ఏ రూపం రావాలో చెప్పే ఏర్పాటు ఓపెన్‌టైప్ అనే ఫాంటు పద్ధతిలో ఉంది. దాన్ని వాడుకోవాలంటే ఆ ఏర్పాటులో కూర్చుని ఆలోచించాలి. కాగితం మీద పని అయిపోయింది, ఇక ఎక్కించడమే అనుకున్నంత కాలం అది జరగదు. బాపు రాతకు మర్యాద చేయాలన్నా తెర దగ్గర మొదలుపెట్టక తప్పదు.

ఇక ఎదుటి పక్షం వాదనల్లో గట్టిది ఒకటుంది. తెర మీద ఏది చేసినా పూర్తయిన పనిలా మెరుస్తుంది, మెరుపు చూసి బుర్ర ఆగిపోతుంది, కస్టమర్ కూడా రంగు గురించే మాట్లాడతాడు అంటారు. ఇందులో నిజముంది, నేనే చాలాసార్లు ఆ గోతిలో పడ్డాను. దానికి మందు తెరలోనే ఉంది: బూడిద రంగు, ఒకే ఫాంటు, నీడలు లేవు, మెరుపులు లేవు. ఆ అమ్మాయి నూట నలభై ఫైళ్ళలో రంగు అన్నదే లేదు. పైగా కాగితం మాత్రం మాయ చేయదా? 1957లో సిడ్నీ ఒపెరా హౌస్ పోటీలో యోర్న్ ఉట్జన్ గీతలు గెలిచాయి. తెరచాపల్లాంటి ఆ కప్పులు కాగితం మీద తేలిగ్గా ఎగిరాయి గానీ, వాటి వంపుకు లెక్క లేదు. ఎలా కట్టాలో ఏళ్ళ తరబడి తెమలలేదు. కప్పులన్నిటినీ ఒకే గోళం నుంచి కోసిన ముక్కలుగా తీసుకోవచ్చని 1961లో తేలాకే దారి దొరికింది. 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల అంచనా 10 కోట్ల 20 లక్షలకు చేరింది. ఉట్జన్ 1966లో తప్పుకున్నాడు, భవనం 1973లో తెరిచారు. అద్భుతమైన కట్టడం, అద్భుతమైన గీత. కానీ బొమ్మ బాగా వేసే చేతికి కాగితం కూడా మెరుస్తుందని, ఆ మెరుపులో లోపాలు దాక్కుంటాయని ఒప్పుకోవాలి.

చేతి నైపుణ్యం లేనివాళ్ళే మెషీన్‌ను ఆశ్రయిస్తారన్న మాట కూడా అన్యాయం. మాథ్యూ కార్టర్ కుర్రతనంలో నెదర్లాండ్స్‌లోని ఎన్‌షెడే అచ్చు అక్షరాల ఫౌండ్రీలో ఉక్కు పంచ్‌లు చేత్తో చెక్కడం నేర్చుకున్న మనిషి. 1996లో ఆయన వెర్డానా చేసినప్పుడు ముందు తెర మీది చుక్కల్లోనే అక్షరాలు అమర్చి, ఆ తర్వాత వాటికి సరిపోయే అంచు గీత గీశాడు. అది తెర కోసం చేసే ఫాంటు, అందుకని తెర దగ్గర మొదలుపెట్టాడు. జుజానా లిచ్కో కథ ఇంకోలా నడిచింది. ఎడమచేతి వాటం అమ్మాయి. కాలేజీలో కాలిగ్రఫీ క్లాసు కుడిచేత్తో చేయాల్సి వచ్చింది. ఆ కళ ఆమెకు అబ్బలేదు. ఎనభైల నడుమ మెకింటాష్ దొరికాక చుక్కలతో ఎంపరర్, ఓక్లండ్ వంటి అక్షరాలు తిన్నగా తెర మీదే కట్టింది. ఎమిగ్రే పత్రికతో కలిసి అవి అక్షరకళ దిశనే మళ్ళించాయి. ముందు కాగితం మీద చేయి చూపించమని పట్టుబట్టి ఉంటే ఆమెను గేటు దగ్గరే ఆపేసేవాళ్ళం.

మన దగ్గర అలా గేటు దగ్గర ఆగిపోయినవాళ్ళు ఎందరో. జిల్లా కేంద్రాల్లో, ఫ్లెక్సీ షాపుల్లో, డీటీపీ సెంటర్లలో రోజుకు పన్నెండు గంటలు తెలుగు అక్షరంతో కుస్తీ పట్టేవాళ్ళు. ఏ వత్తు ఏ ఫాంటులో విరుగుతుందో, ఏ మాటను వరుస చివర విడదీస్తే చదువరి తడబడతాడో వాళ్ళకు కంఠతా వచ్చు. వాళ్ళకు డ్రాయింగ్ మాస్టారు లేడు, ఖరీదైన స్కెచ్‌బుక్ లేదు. వాళ్ళలో ఎవరైనా డిజైన్ చదువుకు వస్తే మనం అడిగే మొదటి ప్రశ్న, నీ స్కెచ్‌లు ఏవి? ఇన్నేళ్ళూ తెర మీద ఎన్ని పేజీలు విప్పి మళ్ళీ కట్టాడో అడగం. వాడి అనుభవం మనకు చదువులా కనిపించదు. ఈ నియమం చేసే పెద్ద అపకారం ఇదే అని నా నమ్మకం.

ఈ ఏడాది జ్యూరీకి కూర్చునే మాస్టార్లకూ మేడమ్‌లకూ ఒక విన్నపం. మార్కుల పట్టీలో 'కాగితం మీద రఫ్‌లు' అన్న మాట కొట్టేసి 'ప్రయత్నాలు' అని రాయండి. పెన్సిల్‌తో చేసిన పిల్లవాడు పుస్తకం తెస్తాడు, బంకమట్టితో చేసినవాడు ముద్దలు తెస్తాడు, సిస్టమ్‌లో చేసినవాడి ఫైళ్ళు మొదటి నుంచి తెరిపించి మీరే చూడండి. మొదటి క్లాసులో పిల్లల చేత ఏదైనా రాయించాలనుకుంటే, వాళ్ళు చేయబోయే పని ఏ తెర మీద, ఏ గోడ మీద, ఏ బట్ట మీద బతకాలో అక్కడే 'శస్త్రచికిత్స' అని రాయించండి.